పిట్టకథకో వంత

మొన్న సెలవులకి వచ్చిన మా అమ్మాయి, రాత్రి భోజనాలయ్యాక నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మా, ఓ అరగంట కదలకుండా కూర్చో. నేను మాట్లాడతాను, నువ్వు విను" అంది. మామూలుగా మా యింట్లో జరిగేది దీనికి తలకిందులు. నేను మాట్లాడతాను, వాళ్లు వినరు. అందుకని సరదాపడి కూర్చున్నాను.

అమ్మాయి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లని, ఆశా కార్యకర్తల్ని పిలిచి రక్తహీనత గురించి ప్రసంగించాలిట. ల్యాప్‌టాప్ తెరిచింది. మొదటి స్లైడులో ఓ అంకె. మన దేశంలో పదిహేనేళ్ల నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం చాలదట. 2019-21 సంవత్సరాల్లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. నిజంగా గుండె గుభేలుమనాల్సిన మాటే. గుభేలుమంది కూడా. కాని రెండో స్లైడులో ఇంకో అంకె, మూడో స్లైడులో రంగురంగుల స్తంభాలు, నాలుగో దాంట్లో హిమోగ్లోబిన్ ఎంతుంటే ఎంతవుతుందో ఓ పట్టిక... తొమ్మిదో స్లైడు దగ్గర నాకు కునుకు పట్టింది.

"కన్నతల్లివి, నువ్వే నిద్రపోతే ఇంక వాళ్లేం వింటారు?" అని అమ్మాయి మూతి ముడుచుకుంది. కాసేపాగి తనే అంది. "మా ట్రైనింగులో చెప్పారులే. కథతో మొదలుపెట్టాలట. కథ చెబితేనే జనం చెవి వొగ్గుతారట. దీనిమీద ఇప్పుడు పెద్ద పెద్ద పుస్తకాలొస్తున్నాయి తెలుసా?"

నాకు నవ్వాగింది కాదు. అంకెల మధ్య కథ పెట్టాలన్న సంగతి కొత్తగా కనిపెట్టారా! ఎనిమిదేళ్ల పిల్లనైన నాకు ఈ విద్య మా అమ్మమ్మగారి ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో ఒకాయన చూపించాడు. మన బళ్లో చదివిన నీతిచంద్రిక మాత్రం ఏమిటి? 1853లో చిన్నయసూరి అచ్చువేయించిన ఆ పుస్తకానికి మూలం, చదువు అబ్బని ముగ్గురు రాజకుమారులకి విష్ణుశర్మ ఆరునెలల్లో రాజనీతి నేర్పిన వైనమే కదా. నీతిసూత్రాలు వల్లెవేయించి వుంటే ఆ పిల్లలు ఏనాడో గోడ దూకి పారిపోయేవారు. కాకుల్నీ, ఎలకల్నీ, నక్కల్నీ తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టాడు గనక నిలిచారు.

కాని ఇవాళ నేను చెప్పబోయేది విష్ణుశర్మ సంగతి కాదు. అది పుస్తకంలోది. నేను చెప్పేది కళ్లారా చూసింది, ఆ తరవాత పెద్దయ్యాక దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుని తెలుసుకున్నదీను.

మా అమ్మమ్మగారిది గుంటూరు జిల్లాలో కాలవగట్టు ఊరు. 1960ల్లో సంగతి. నవమి పందిరి వేసిన తొమ్మిది రాత్రుల్లో కొన్ని రాత్రులు పురాణం, కొన్ని రాత్రులు హరికథ. పురాణం రోజున అమ్మమ్మ చాప, దుప్పటి, దిండు పట్టుకెళ్లేది. హరికథ రోజున దిండు వుండేది కాదు. ఆవిడకీ ఇద్దరు చెప్పేదీ రాముడి కథే, కృష్ణుడి కథే. మరి ఒకరోజు నిద్ర ఎందుకొచ్చేదో, ఇంకోరోజు ఎందుకు రాదో ఆవిడని అడిగితే, "ఆయన పుస్తకంతో మాట్లాడతాడే, ఈయన మనతో మాట్లాడతాడు" అనేది.

హరిదాసంటే మీలో చాలామందికి కళ్లముందు మెదులుతూనే వుంటాడు. పట్టుపంచె, మెళ్లో పూలదండ, కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు. పక్కన హార్మోనియం, ఫిడేలు, మృదంగం. మనిషి ఒక్కడే. ఆ ఒక్కడే రాజు, ఆ ఒక్కడే రాణి, ఆ ఒక్కడే రాజుగారి గుర్రం. పద్యం ఎత్తుకుంటాడు, కీర్తన పాడతాడు, శ్లోకం చదివి అర్థం చెబుతాడు, ఉన్నట్టుండి గజ్జె ఘల్లుమనిపించి నాలుగడుగులు వేస్తాడు. మూడు నాలుగు గంటలు సాగాల్సిన వ్యవహారం. అంతసేపూ జనం కుదురుగా వుండాలంటే ఎలా? పద్యం మీద పద్యం పడుతుంటే వెనక వరసలో చుట్టలు వెలుగుతాయి, పిల్లలు పేచీ పెడతారు. ఆ కదలిక దాసుగారికి చప్పున తెలిసిపోతుంది. అప్పుడు చిడతలు ఆపి, గొంతు దించి, మన వీధి అరుగుమీద కూర్చున్నట్టు కూర్చుని, "ఇలాగే ఓ ఊళ్లో..." అంటాడు. అదీ పిట్టకథ.

పిట్ట అంటే చిన్నదని అర్థం. పిట్టగోడ అంటాం చూశారూ, ఆ పిట్ట. మేడమీద చుట్టూ పిట్టగోడ ఎందుకు కడతారు? ఆడుకునే పిల్లలు జారి కిందపడకుండా. పిట్టకథ చేసేదీ ఆ పనే అనిపిస్తుంది నాకు. పెద్దకథ మేడమీదికి ఎక్కిన శ్రోతని జారిపోకుండా పట్టి నిలిపే అడ్డు.

ఆ రాత్రి ధ్రువచరిత్ర. ఉత్తానపాదుడికి ఇద్దరు భార్యలు, సునీతి, సురుచి. తండ్రి తొడమీద కూర్చోబోయిన ధ్రువుణ్ని సవతితల్లి సురుచి లాగి పడేసే ఘట్టం రాబోతోంది. ఈ కథ తెలియనివాళ్లెవరు? అందరికీ తెలిసిన కథ కావడమే దాసుగారికి కష్టం. ఏడవాల్సినచోట ఎవరికీ ఏడుపు రాదు. అక్కడ ఆయన చిడతలాపాడు.

"ఇలాగే ఓ ఊళ్లో ఒక ఇల్లాలమ్మా. ఆవిడకి ఇద్దరు పిల్లలు. ఒకడు తన కడుపున పుట్టినవాడు, ఒకడు సవతి కడుపున పుట్టినవాడు. ధర్మాత్మురాలు! ఇద్దరికీ ఒకే వరసలో విస్తరి వేస్తుంది. ఒకే గిన్నెలోంచి పప్పు, ఒకే గిన్నెలోంచి నెయ్యి. లోకులు వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే ఒకటి. తన కొడుకు విస్తరి దగ్గరికి వచ్చేసరికి గరిటె వంగుతుంది. సవతి కొడుకు విస్తరి దగ్గర చెయ్యి మాత్రమే వంగుతుంది."

చిడతనే గరిటె చేసుకుని, ఎడమవైపు ఓసారి, కుడివైపు ఓసారి వంచి చూపించాడు. పందిరంతా గొల్లుమంది. నవ్వు తగ్గేదాకా ఆగి, గొంతు ఇంకా దించి అన్నాడు. "ఒకనాడు ఆ పిల్లాడు అడిగాడటమ్మా. 'పిన్నీ, నెయ్యి గరిటెకి నా దగ్గరికొచ్చేసరికి నిద్రొస్తుందా?' అని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దంలోనే ఆయన లేచి, గజ్జె ఒక్కసారి కదిపి, సురుచి చెయ్యి పట్టి లాగిన పద్యం ఎత్తుకున్నాడు. అంతకుముందు ఆ తొడ రాజుగారి తొడ. ఇప్పుడు మాకందరికీ తెలిసిన తొడ అయిపోయింది.

మా వీధిలోనే అలాంటి ఇల్లు ఒకటుండేది. ఆ ఇల్లాలు మాకు నాలుగు చాపల అవతల కూర్చుంది. దాసుగారికి ఆ సంగతి తెలిసి చెప్పాడో, తెలియక చెప్పాడో దేవుడికెరుక. మా ఆడవాళ్లలో ఒక్కరూ అటు చూడలేదు. చూడకుండా వుండడానికి అందరూ పడ్డ అవస్థ నాకు బాగా జ్ఞాపకం. ఆ తరవాత ఆ యింట్లో గరిటె వంగిందో లేదో నేను చెప్పలేను. ఒకటి మాత్రం కళ్లారా చూశాను. మర్నాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర, మా అమ్మమ్మ నాకు నెయ్యి వేసి, మా యింట్లో వుండి చదువుకుంటున్న చుట్టాలపిల్లకి వేసి, వెళ్లబోతూ ఆగింది. ఆ పిల్ల విస్తరి వంక చూసి, మళ్లీ గిన్నెలో గరిటె ముంచింది.

దాసుగారు 'పక్షపాతం కూడదు' అని ఒక్కమాట అనలేదు గమనించారా? అనుంటే అమ్మమ్మ తలూపి దిండు కోసం వెతుక్కునేది.

ఇప్పుడు ఈ విద్య ఎక్కణ్నించి వచ్చిందో కాస్త చూద్దాం. ఒంటిమనిషి నిలబడి భగవత్కథని పాటతో మాటతో చెప్పడం మహారాష్ట్రలో కీర్తన పేరుతో వుండేది. తంజావూరుని మరాఠా రాజులు 1676 నుంచి 1855 దాకా ఏలారు. అందువల్ల అక్కడి కీర్తనకారులకి ఆ ఊరు పుట్టిల్లులా వుండేది. వాళ్ల పద్ధతినీ, దక్షిణాది సంగీతాన్నీ కలిపి పంతొమ్మిదో శతాబ్దంలో తంజావూరు కృష్ణభాగవతార్ కథాకాలక్షేపానికి కొత్త రూపు దిద్దాడు. ఆ గాలి మద్రాసు మీదుగా మన దేశానికి వీచింది.

1883లో కుప్పుస్వామి నాయుడు అనే ఆయన మద్రాసు నుంచి విజయనగరం వచ్చి హరికథ చెప్పారు. విన్నవాళ్లలో ఒక పంతొమ్మిదేళ్ల కుర్రాడున్నాడు, ఇంకా హైస్కూలు చదువులో వున్నాడు. విని ఇంటికెళ్లి ఊరుకోలేదు. తనే ఒక హరికథ కట్టి, తనే గజ్జె కట్టి చెప్పేశాడు. అదే ఆదిభట్ల నారాయణదాసు తొలి హరికథ. ఏ కథనుకున్నారు? ధ్రువచరిత్రే! తన వయసు కుర్రాళ్లు మెట్రిక్యులేషన్ కోసం కుస్తీపడుతుంటే ఈయన ధ్రువుడిలా ఇంకో పట్టు పట్టాడన్నమాట.

నారాయణదాసుగారు బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టారు. చిన్నప్పుడు తల్లి చదువుతుండగా విన్న భాగవత పద్యాలు ఓ పుస్తకాల అంగడి దగ్గర గడగడా అప్పజెబితే, అంగడివాడు మెచ్చి భాగవతం ఉత్తినే ఇచ్చాడని చెప్పుకుంటారు. అక్షరాలకంటే ముందు తల్లి గొంతు చదువు చెప్పిందన్నమాట. ఆ తరవాత ఆయన పొందిన పాండిత్యానికి అంతులేదు. ఉమర్ ఖయ్యాం రుబాయీల్ని సంస్కృతంలోకీ, అచ్చతెనుగులోకీ దించారు. రెండు చేతులా, రెండు కాళ్లా, తలతో కూడా వేరువేరు తాళాలు వేసి చూపి పంచముఖీ పరమేశ్వర బిరుదు తెచ్చుకున్నారు. 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షులు ఆయనే. 1945లో పోయేదాకా ఆయన పేరు చెబితే ఆంధ్రదేశంలో హరికథే. అంత చదువుకున్నవాడు, రాజాస్థానంలో పండితులకి జవాబు చెప్పగలవాడు, చిడతలు పట్టుకుని అక్షరం ముక్క రాని జనం ముందు నిలబడ్డాడు. మా అమ్మమ్మలాంటి వాళ్లకి కూడా పండితులకి చెప్పిందే చెప్పాడు. ఆ సాహసం తలుచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఆడవాళ్ల మాటేమిటంటారా? ఇరవయ్యో శతాబ్దం తొలిరోజుల్లో మద్రాసులో సి. సరస్వతీబాయి అనే ఆవిడ హరికథ చెప్పడానికి లేస్తే, మగ భాగవతులు వీల్లేదన్నారు. ఆవిడ లెక్కచెయ్యలేదు, దేశమంతా తిరిగి కథలు చెప్పారు. మన గోదావరి ప్రాంతంలో కపిలేశ్వరపురంలో 1970లలో హరికథ పాఠశాల పెట్టాక ఎందరో అమ్మాయిలు అక్కడ నేర్చుకుని గజ్జె కట్టారు. ఇవాళ ఆడపిల్ల హరికథ చెబుతుంటే ఎవరూ వింతగా చూడరు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పిట్టకథ అన్నిచోట్లా నెయ్యి గరిటెలా వుండేది కాదు. కొన్నిచోట్ల పిట్ట పెరిగి గద్దయి హరికథని తన్నుకుపోయేది. సినిమా పాటల వరసలు, గయ్యాళి అత్తల మీద, గొణిగే కోడళ్ల మీద, నగలడిగే పెళ్లాల మీద వేళాకోళాలు. రాముడు అడవిలో వదిలిపెట్టిన సీత గంటసేపు అక్కడే నిలబడి వుండేది, ఈలోపల దాసుగారు మనందరి మీదా చమత్కారాలు విసిరేవాడు. మనమూ పడీపడీ నవ్వేవాళ్లం, ఇప్పుడు తలుచుకుంటే నాకు కాస్త సిగ్గేస్తుంది. కథ పెడితే జనం వింటారన్నది నిజమే. కాని విన్నది దేన్ని? ఇంటికెళ్లాక ఏది మిగిలింది? ఈ ప్రశ్నకి హరికథలో నాకు పూర్తి జవాబు దొరకలేదు. బుర్రకథలో దొరికింది.

బుర్రకథకి ముందరి పేరు జంగంకథ. ఊరూరా తిరిగే జంగాలు చెప్పుకుని బతికే కథలు. మగవాడు కథకుడు. అతని భార్యలు, కొన్నిచోట్ల ఒక భార్య, వంత. ఇది చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. సంసారంలో ఎలాగూ ఆయన చెప్పడం, ఈవిడ వంత పాడడం వుండేదే కదా, దాన్ని రంగం ఎక్కించారన్నమాట! కాని నవ్వులాటకి కాదు, ఆ వంతలోనే కిటుకంతా వుంది.

నడుమ కథకుడు. తలపాగా, తురాయి, భుజాన తంబుర. ఆ తంబుర బుర్రని బట్టే కథకి ఆ పేరు. బొటనవేలికి తొడిగిన అందె తంబురమీద కొడుతూ ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ చెబుతాడు. అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకుని ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం. ఇంకొకడు రాజకీయం. ఇద్దరూ తందాన అంటారు, పల్లవి అందుకుంటారు. అంతటితో సరిపోతే విశేషమేముంది? వాళ్లు అడుగుతారు. కథకుడు ఓ పెద్ద మాట అనగానే, 'అదేమిటి గురూ? అలా ఎలా కుదురుతుంది? మరి ఆవిడేమంది?' అని అడ్డం తగులుతారు. పందిట్లో కూర్చున్న నాకు ఏ అనుమానం వచ్చిందో అదే ఆ హాస్యగాడు అడిగేస్తాడు. నా బదులు నా ప్రశ్న రంగంమీద నిలబడి వుందన్నమాట. కథకుడు దానికి జవాబు చెప్పి కదలాల్సిందే.

1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఈ బిచ్చగాళ్ల కథని పట్టుకుని దాని బలమేమిటో లోకానికి చూపించింది. సుంకర సత్యనారాయణ కష్టజీవి అని పాలేరు బతుకు మీద బుర్రకథ రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో 1920లో పుట్టిన షేక్ నాజర్, సంగీతానికి నటన కూడా జోడించి పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బొబ్బిలి యుద్ధం చెబుతుంటే వేలమంది తెల్లవార్లూ కూర్చునేవారు. ఆయనకి 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు పింజారి. కులం పేరు పెట్టి హేళన చేసిన మాటనే పుస్తకానికి పేరు పెట్టుకున్న మనిషి!

అదే ఏడాది బెంగాలులో కరువు. లక్షలమంది మలమల మాడి చచ్చిపోయారు. పత్రికల్లో అంకెలు పడుతూనే వున్నాయి. తెనాలి పక్క పల్లెలో ఉన్న రైతు ఇల్లాలికి బెంగాలెక్కడ, ఆ లక్షలెక్కడ? ఆ కరువు బుర్రకథకి వస్తువయింది. 'బెంగాలంటే ఎక్కడ గురూ, మన కాలవ దాటాక వస్తుందా?' అని హాస్యం వంత అడిగాడనుకోండి, జనం నవ్వుతారు. నవ్వినవాళ్లలో సగంమందికి బెంగాలెక్కడో తెలియదు. వాళ్ల తెలియనితనాన్ని ఎవరూ వేలెత్తి చూపకుండానే జవాబు వాళ్ల చెవిన పడిపోతుంది. మా అమ్మాయి స్లైడులో ఈ సదుపాయం లేదు.

అప్పట్లో ఇళ్లలోంచి బయటికి వచ్చిన ఆడవాళ్లు కూడా బుర్రకథ చెప్పారు. మోటూరి ఉదయం మొదలైనవాళ్లు ఆడవాళ్ల దళం కట్టి ఊళ్లు తిరిగారు. కొండపల్లి కోటేశ్వరమ్మగారు పాటలు పాడారు, ప్రదర్శనల్లో పాల్గొన్నారు. తన బతుకంతా తొంభై దాటాక నిర్జన వారధి పేరుతో చెప్పుకున్నారు. సంసార స్త్రీ రంగం ఎక్కితే మాటలు రాళ్లలా వచ్చిపడే కాలం. భర్తకి వంతగా నిలబడ్డ జంగం భార్య ఎక్కడ, నడుమ నిలబడి తంబుర మీటిన వీళ్లెక్కడ! కథ చెప్పే చోటు రెండడుగులు పక్కకి జరగడానికి ఎన్ని తరాలు పట్టిందో చూడండి.

ఇంత పదునైన దాన్ని ప్రభుత్వాలు ఊరికే వదలవు కదా. మద్రాసు రాష్ట్రంలో ఇంగ్లీషువాళ్లూ, హైదరాబాదులో నిజాం ప్రభుత్వమూ బుర్రకథని నిషేధించాయి. తుపాకీ కాదు, కత్తి కాదు. తంబుర, రెండు గుమ్మెటలు! వాటికి భయపడ్డారు.

స్వాతంత్ర్యం వచ్చాక భయం పోయి ప్రేమ పుట్టింది. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ రేడియోలో హరికథలూ, బుర్రకథలూ ఇంటింటికీ వచ్చాయి. వంటింట్లో మా అమ్మ రేడియోకి ఊ కొట్టేది, నిజంగానే పైకి 'ఊ' అనేది. 1954లో కేంద్రం పాటలకీ నాటకాలకీ ఓ విభాగమే పెట్టింది. చిన్నమొత్తాల పొదుపు, కొత్త విత్తనాలు, కుటుంబ నియంత్రణ, అన్నిటికీ జానపద కళలే వాహనాలయ్యాయి. మంచిపనే, కాదనను.

అయితే నేను కాలేజీలో చదివే రోజుల్లో మా ఊరికి ఒక దళం వచ్చింది. ఎవరు పంపారో, ఆ పేరు ఇప్పుడెందుకు. కుటుంబ నియంత్రణ మీద బుర్రకథ. గొంతులు బాగున్నాయి, అడుగులు బాగున్నాయి, హాస్యం పండింది. వంతలు ప్రశ్నలు కూడా అడిగారు. 'ఆపరేషన్ చేయించుకుంటే లాభమేమిటి గురూ?' అంటే కథకుడు లాభాలు వరసగా చెప్పాడు. 'ఎక్కడ చేస్తారు గురూ?' అంటే ఎక్కడో చెప్పాడు. నా వెనకాల పొలం పని చేసుకునే ఆవిడ ఒకరు చంటిపిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఆవిడ పక్కావిడతో మెల్లిగా అంది, "కోసిన తరవాత ఎన్నాళ్లకి నాట్లకి పోవచ్చో అడగడేం వీడు?"

ఆ ప్రశ్న రంగం మీదికి పోలేదు. వంత ఆవిడ తరపున నిలబడి లేడు. కథకుడికి జవాబు తెలిసిన ప్రశ్నలే అడగడానికి వచ్చాడు. కథంతా వుంది, తందాన వుంది, ఆవిడ మాత్రం పిల్లని ఎత్తుకుని కథ సగంలో లేచి వెళ్లిపోయింది. నేను పట్టించుకోలేదు. చాలా ఏళ్ల తరవాత గుర్తొచ్చి బాధపడ్డాను.

ఇదంతా ఆ రాత్రి మా అమ్మాయికి చెప్పేసరికి పన్నెండయింది. విన్నంతసేపూ ఊ కొట్టింది, అదే గొప్ప. "సరే, నా దగ్గరా ఓ కథ వుంది, విను" అని ట్రైనింగులో ఇచ్చిన కాగితం తీసింది. అందులో ఒక లక్ష్మి. గర్భవతి. నీరసం. ఆసుపత్రికి వెళ్లింది, ఐరన్ మాత్రలు ఇచ్చారు. నూట ఎనభై రోజులు రోజుకొకటి వేసుకుంది. పండులాంటి బిడ్డ పుట్టాడు. అందరూ సంతోషించారు.

"బాగుందా?" అంది.

"నువ్వు కథకురాలివి. నేను హాస్యం వంతని" అని వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చుకుని కిందికి దిగి కూర్చున్నాను. గుమ్మెట లేదు కదా మరి. మావారు పక్కగదిలోంచి, "అర్ధరాత్రి ఆ మోత ఏమిటే?" అన్నారు. మేం వినిపించుకోలేదు.

"లక్ష్మి రోజూ మాత్ర వేసుకుంది" అంది అమ్మాయి.

పళ్లెం మీద ఒక్కటిచ్చి, "వేసుకుంటే కడుపులో తిప్పుతుంది కదా డాక్టరమ్మా?" అన్నాను.

"పరగడుపున తిప్పుతుంది. అన్నం తిన్నాక రాత్రి పడుకోబోయే ముందు వేసుకోమనాలి. టీతో మాత్రం వద్దు, మందు ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లతోనైతే మంచిది."

"మర్నాడు దొడ్డికెళితే నల్లగా అవుతోందే? లోపలేదో పాడైపోయిందని మా ఆయన మాత్రలన్నీ కాలవలో పోశాడు."

అమ్మాయి నవ్వింది. "అలా అవడం మామూలే, భయంలేదు. అయ్యో, ఇది నా స్లైడుల్లో ఎక్కడా లేదమ్మా!"

"ఈ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని మా అత్తగారంటోంది."

"అది వట్టిమాట. మా దగ్గరా అంటారు. వట్టిమాటని చెబుతాను." ఈసారి కాగితం కింద పెట్టేసి నావైపు తిరిగి కూర్చుంది.

"సరే, మాత్రలు నువ్వు చెప్పినట్టే వేసుకుంటా. ఆకుకూర తిను, పప్పు తిను, గుడ్డు తిను అని కూడా అంటున్నావు. వండేదాన్ని నేనే. మామగారు తిని, ఆయన తిని, మరిది తిని, పిల్లలు తిని, అత్తగారు తిన్నాక గిన్నె నా దగ్గరికి వస్తుంది. అప్పుడు అందులో ఏం వుంటుంది డాక్టరమ్మా?"

అమ్మాయి ఏమీ అనలేదు. నేను పళ్లెం ఎత్తిన చెయ్యి దించాను. కాసేపటికి ల్యాప్‌టాప్ మూసి, బల్లమీద వెతికి ఓ పెన్సిలు సంపాదించి, ట్రైనింగు కాగితం వెనక్కి తిప్పింది.

"అమ్మా, ఆ నెయ్యి గరిటె కథ మళ్లీ ఓసారి మొదట్నించీ చెప్పు" అంది.